ఇంటి అప్పుకు మొదటి కాగితం పగార్ చీటీ



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని పెద్దలు ఊరికే అనలేదు. పెళ్లికైతే నలుగురు చుట్టాలు తలా ఒక చెయ్యి వేస్తారు. ఇంటికి మాత్రం అప్పే దిక్కు. ఆ అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటామా, ప్రభుత్వం అండతో బ్యాంకులో తెచ్చుకుంటామా అన్నదాని మీద మన రాబోయే ఇరవై ఏళ్ల బతుకు ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ సంచికలో సంపాదకీయం మొత్తాన్ని ఇంటి అప్పు దరఖాస్తుకే కేటాయిస్తున్నాం.

కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరు 1న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతను మొదలుపెట్టింది. అయిదేళ్లలో కోటి పట్టణ కుటుంబాలకు ఇంటి విషయంలో సాయం అందించాలన్నది లక్ష్యం. మహానగరపాలిక ద్వారా కొంత, బ్యాంకుల ద్వారా కొంత ఈ పథకం నడుస్తుంది. షోలాపూర్ తూర్పు భాగంలో ఏ చాళ్‌కు వెళ్లినా ఇదే మాట వినిపిస్తోంది. సంఘ కార్యాలయానికి వచ్చేవారు ముఖ్యంగా మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. ఇల్లు ఉచితమేనా? ఎవరికి ఎంత ఇవ్వాలి? ఏ కాగితాలు కావాలి? ఇల్లు ఉచితం కాదు. ఎవరికీ లంచం, కమీషన్ ఇవ్వవద్దు. ఇక కాగితాల సంగతి కాస్త పెద్దది. అది తెలియాలంటే మొదట పథకం తెలియాలి.

పథకంలో ఏముంది?

ఈ పథకానికి నాలుగు దారులున్నాయి. మనం ఏ దారిన వెళుతున్నామో తెలియకుండా దరఖాస్తు నింపితే ఏడాది తర్వాత కూడా ఎక్కడి గొంగళి అక్కడే ఉంటుంది.

మొదటి దారి సొంత జాగా ఉన్నవారిది. తన పేరు మీద జాగా ఉండి, పక్కా ఇల్లు లేనివారు ఇల్లు కట్టుకోవడానికి మన రాష్ట్రం వంటి చోట్ల కేంద్రం 1.50 లక్షల రూపాయలు, రాష్ట్రం కనీసం 1 లక్ష రూపాయలు ఇస్తాయి. ఇది తిరిగి కట్టనక్కరలేని డబ్బు. ఇంటి లోపలి వైశాల్యం 30 నుంచి 45 చదరపు మీటర్ల మధ్య ఉండాలి. అయితే డబ్బంతా ఒక్కసారే రాదు. కట్టడం లేచేకొద్దీ ఫోటోలు తీసి నమోదు చేస్తారు, దశలవారీగా ఖాతాలో వేస్తారు. 2.50 లక్షలూ ముందే వస్తాయని నమ్మి ఉన్న రేకుల ఇల్లు కూల్చుకున్నవాడు వానాకాలం వచ్చేసరికి పిల్లాజెల్లాతో వీధిన పడతాడు. మొదటి దశకు సరిపడా సొమ్ము చేతిలో ఉంటేనే పార పట్టాలి.

రెండో దారి, ప్రభుత్వ సంస్థలు గానీ వాటితో కలిసి బిల్డర్లు గానీ కట్టే సముదాయంలో ఇల్లు కొనుక్కోవడం. ఇక్కడా సాయం అంతే. మన ఊరికి ఇది కొత్త కాదు. కుంభారి దగ్గర రే నగర్‌లో 30,000 ఇళ్ల పథకానికి 2019 జనవరి 9న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న మొదటి 15,000 ఇళ్లు అప్పగించారు. మరమగ్గాల కార్మికులు, బీడీ కార్మికులు, చెత్త ఏరుకొని బతికేవారు, వీధి వ్యాపారులు అందులో లబ్ధిదారులు. అది పథకం మొదటి విడతలో వచ్చింది. అంతకుముందు 2006లో గోదుతాయి పరుళేకర్ పేరుతో బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇళ్ల కాలనీ వచ్చింది. ఈ రెండింటికీ నర్సయ్య ఆడం నాయకత్వంలో కార్మికులు ఏళ్ల తరబడి మోర్చాలు తీశారు. అక్కడ కూడా ఇళ్లు ఉత్తపుణ్యానికి రాలేదు. రే నగర్‌లో కేంద్రం, రాష్ట్రం ఇచ్చింది పోను మిగిలింది లబ్ధిదారుల వాటాయే. కానీ వేలమంది ఒక్కటిగా అడిగారు గనుక ఇళ్లు లేచాయి. ఒక్కొక్కరుగా అడిగి ఉంటే ఆ దరఖాస్తులు ఇవాళ్టికీ ఏ బీరువా అడుగునో ఉండేవి.

మూడో దారి అద్దె ఇళ్లది. సొంత ఇల్లు కొనే స్థితి లేనివారికి, పనికోసం వలస వచ్చినవారికి సరసమైన అద్దెకు ఇళ్లు ఏర్పాటు చేయడం అందులోని ఉద్దేశం.

నాలుగో దారి బ్యాంకు అప్పుపై వడ్డీ రాయితీ. 35 లక్షల లోపు విలువ గల ఇంటికి, 25 లక్షల లోపు తీసుకున్న అప్పులో మొదటి 8 లక్షలపై, 12 ఏళ్ల వరకు, 4 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. ఎంత ఎక్కువ వచ్చినా ఆ రాయితీ 1.80 లక్షలకు మించదు. దాన్ని అయిదు వార్షిక వాయిదాలుగా మన అప్పు ఖాతాలోనే వేస్తారు. 2024 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరై, చేతికి వచ్చిన అప్పులకే ఇది వర్తిస్తుంది. రాయితీ పడే నాటికి మన ఖాతా సక్రమంగా నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా ఇంకా కట్టవలసి ఉండాలి. మధ్యలో వాయిదాలు తప్పి ఖాతా మునిగితే రాయితీ కూడా మునిగినట్టే.

మొదటి రెండు దారులకు కుటుంబ వార్షికాదాయం 3 లక్షలు దాటకూడదు. నాలుగో దారికి 9 లక్షల వరకు అవకాశం ఉంది. కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. మగ్గం మీద అయ్య సంపాదన, బీడీల మీద అమ్మ సంపాదన, రెండూ కలిపి లెక్క. పెళ్లయిన కొడుకుది వేరే కుటుంబం.

పాలికలో చూపవలసినవి

దరఖాస్తు పథకం వెబ్‌సైటులో సొంతంగా నింపవచ్చు. చేతకానివారు కామన్ సర్వీస్ సెంటర్‌కు గానీ, పాలిక కార్యాలయానికి గానీ వెళ్లవచ్చు. కుటుంబంలో అందరి ఆధార్ కార్డులు, ఆధార్‌కు కలిపిన బ్యాంకు ఖాతా, ఆదాయ రుజువు, అవసరమైతే కుల దాఖలా, జాగా ఉన్నవారు జాగా కాగితాలు పెట్టాలి. వినడానికి సులువే. కానీ మనవాళ్ల దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తే మూడు ముళ్లు కనిపిస్తాయి.

మొదటి ముడి పేరుది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వస్తాయి. ఆధార్‌లో ఒక వరుస, రేషన్ కార్డులో ఒక వరుస, బ్యాంకు పుస్తకంలో మరొక వరుస. ఒకచోట నర్సయ్య, ఇంకోచోట నరసయ్య. పెళ్లి తర్వాత ఆడవాళ్ల ఇంటిపేరు కొన్ని కార్డుల్లో మారుతుంది, కొన్నింటిలో మారదు. మనిషి ఒక్కడేనని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. దరఖాస్తు పెట్టకముందే అన్ని కార్డుల్లో పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా దిద్దించుకోండి.

రెండో ముడి సొంత ఊరిది. దరఖాస్తుదారు కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదన్నది నిబంధన. మన తాతలు నల్లగొండ నుంచో, కరీంనగర్ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చారు. ఊళ్లో పాత ఇంటి కాగితాల మీద ఇంకా మన పేరు ఉందేమో అన్నదమ్ములను అడిగి తేల్చుకోండి. అలాగే గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం కింద లబ్ధి పొందినవారికి మళ్లీ లేదు. ఉన్నది దాచి పెట్టిన దరఖాస్తు ఎప్పుడైనా కూలుతుంది.

మూడో ముడి జాగాది. మనవాళ్లలో చాలామంది గుంఠేవారీ ప్లాట్లలో ఉంటున్నారు. పొలాన్ని అనుమతి లేకుండా ముక్కలు చేసి అమ్మితే, స్టాంపు కాగితం రాయించుకొని కొన్న జాగాలవి. చేతిలో నోటరీ కాగితం ఉంటుంది, ఉతారాపై పేరు మాత్రం ఇంకా పాత రైతుదే ఉంటుంది. అటువంటి జాగా మీద బ్యాంకు అప్పు ఇవ్వదు, పాలిక ఇంటి అనుమతీ ఇవ్వదు. ఇలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేయడానికి మహారాష్ట్రలో 2001లోనే చట్టం వచ్చింది. 2021లో దాన్ని సవరించి 2020 డిసెంబరు 31 వరకు ఉన్నవాటికి వర్తింపజేశారు. ముందు ఆ దరఖాస్తు పెట్టి, ఆ పని అయ్యాకే ఇంటి అప్పుకు వెళ్లాలి.

ఇల్లు ఇంటి ఇల్లాలి పేరు మీద గానీ, ఆలుమగలిద్దరి పేరు మీద గానీ ఉండాలని పథకం చెబుతోంది. దీనికి కొందరు సోదరులు ముఖం చిట్లిస్తున్నారు. చిట్లించవలసిన పని లేదు. తాగుడుకో, జూదానికో ఇల్లు పోకుండా కాపాడేది ఆ పేరే. అమ్మానాన్నలిద్దరి సంతకం లేకుండా ఇల్లు అమ్ముడుపోని చోట పిల్లలు నిశ్చింతగా నిద్రపోతారు.

మాలిక్ చేతిలో ఉన్న కాగితం

పేరు ముడి, ఊరి ముడి, జాగా ముడి మనం తిరిగి విప్పుకోగలిగినవి. ఆలస్యమైనా ఏదో ఒక కచేరీలో దొరుకుతాయి. మనం ఎంత తిరిగినా కచేరీలో దొరకని కాగితం ఒకటుంది. అది పగార్ చీటీ.

మిల్లులు నడిచిన రోజులు చూసినవారికి ఆ చీటీ గుర్తుంటుంది. నేనూ ఆ చీటీ అందుకున్నవాణ్ణే. పగార్ రోజున చేతికి వచ్చే ఆ సన్నని కాగితంలో ఎన్ని పాళీలు పనిచేశాం, మూల వేతనం ఎంత, కరువు భత్యం ఎంత, పి.ఎఫ్. ఎంత, ఇ.ఎస్.ఐ. ఎంత అన్నీ ఉండేవి. బద్లీ కార్మికుడికి కూడా అది వచ్చేది. ఆ చీటీ చూపిస్తే పతపేఢీ వాడు అప్పు ఇచ్చేవాడు, కిరాణా కొట్టువాడు ఖాతా రాసేవాడు. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, మన ముందు తరాల కార్మికులు పోరాడి తెచ్చుకున్నది.

మిల్లులు మూతబడ్డాయి. మిల్లు మనిషి మరమగ్గం షెడ్డులోకి వచ్చాడు. టవలు, చద్దరు నేసే చేతులు అవే, పని గంటలు మాత్రం పెరిగాయి. పీస్ రేటు మీద ఎంత నేశాడో మాలిక్ నోటుబుక్కులో రాసుకుంటాడు. వారం చివర నగదు చేతిలో పెడతాడు. ఆ నోటుబుక్కు మాలిక్ దగ్గరే ఉంటుంది. పదిహేనేళ్లు ఒకే షెడ్డులో నిలబడ్డ కార్మికుడు బ్యాంకుకు వెళ్లి "నేను నెలకు ఇంత సంపాదిస్తున్నాను" అంటే, "రుజువేది?" అని అడుగుతున్నారు. రుజువు అతని అరచేతుల్లో ఉంది. ఆ రుజువు బ్యాంకుకు పనికిరాదు.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అన్నట్టుంది సంగతి. పేదవాడికి అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయని ప్రభుత్వానికి తెలుసు. అందుకే అల్పాదాయ కుటుంబాల ఇంటి అప్పులకు బ్యాంకులకు హామీగా నిలిచే నిధి ట్రస్టు 2012 నుంచి ఉంది. ఈ రెండో విడతలో ఆ నిధిని 1,000 కోట్ల రూపాయల నుంచి 3,000 కోట్లకు పెంచారు. చాళ్లలో, మురికివాడల్లో ఉండేవారికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా పథకంలో రాశారు. ఢిల్లీ నుంచి హామీ వచ్చింది, రాయితీ వచ్చింది. మన షెడ్డు నుంచి ఒక చీటీ రాలేదు.

మన ఇళ్లలోనే ఒక పోలిక చూడండి. అదే ఇంట్లో బీడీలు చుట్టే అమ్మకు గుర్తింపు కార్డు ఉంది, పి.ఎఫ్. ఖాతా ఉంది. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. ఆ తర్వాత వాటిని అమలు చేయించడానికి ఆ స్త్రీలు వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. ఇంట్లో ఎక్కువ సంపాదించేది మగ్గం మీదివాడే కావచ్చు. కాగితం మీద మనిషిగా లెక్కకు వచ్చేది మాత్రం బీడీలు చుట్టే ఇల్లాలే. అప్పు దరఖాస్తు నడిస్తే ఆమె కాగితాల మీదే నడుస్తోంది. ఆమెకు దక్కింది మనకెందుకు దక్కలేదు? ఆమె అడిగింది, పదిమందిని కూడగట్టి అడిగింది.

మరో పోలిక మాలిక్‌ల వైపు. 1999 ఏప్రిల్ 1 నుంచి వస్త్ర పరిశ్రమ యంత్రాల నవీకరణకు కేంద్రం ఒక నిధి పథకం నడిపింది. యంత్రం కొనడానికి తెచ్చిన బ్యాంకు అప్పు మీద 5 శాతం వడ్డీని ప్రభుత్వమే భరించింది. పేర్లు, నిబంధనలు మారుతూ ఆ పథకం 2022 మార్చి వరకు సాగింది. తప్పు పట్టడం లేదు, పరిశ్రమ బతకాలి. అయితే యంత్రం అప్పు కోసం ప్రతి బిల్లు, ప్రతి రసీదు, ప్రతి లెక్క సిద్ధం చేయించుకున్న యజమానులకు కాగితం విలువ ఏమిటో మనం చెప్పనక్కరలేదు. మగ్గానికి వడ్డీ రాయితీ కావలసి వచ్చినప్పుడు దొరికిన కాగితం, ఆ మగ్గం నడిపే మనిషికి వడ్డీ రాయితీ కావలసి వచ్చేసరికి ఎందుకు దొరకడం లేదు?

చీటీ ఎందుకు ఇవ్వరు?

కారణం అందరికీ తెలుసు. చీటీ ఇస్తే కార్మికుడు తమ దగ్గర పనిచేస్తున్నాడని ఒప్పుకున్నట్టు. 20 మంది ఉన్న చోట పి.ఎఫ్. వస్తుంది, ఆ తర్వాత ఇ.ఎస్.ఐ., గ్రాట్యుటీ మాట వస్తుంది. అందుకే ఒకే గోడల మధ్య ఉన్న కార్ఖానాకు అన్న పేరు, తమ్ముడి పేరు, భార్య పేరు పెట్టి మూడు ముక్కలుగా చూపించేవారున్నారు.

మన ఊళ్లో మాలిక్‌లలో చాలామంది మన భాషవారే, మన కులంవారే, మార్కండేయ రథోత్సవంలో మనతో పాటు నడిచేవారే. "మనవాడే గదా, అడిగితే ఏమనుకుంటాడో" అని మొగమాటం. నాలుగు మగ్గాల చిన్న మాలిక్ కష్టం మనకు తెలియనిది కాదు. నూలు ధర, కరెంటు బిల్లు, వ్యాపారి ఇచ్చే మజూరీ అతని చేతిలో లేవు. అతని మీద మనకు పగ లేదు. కానీ చీటీ రాయడానికి నూలు ఖర్చు కాదు, కరెంటు ఖర్చు కాదు. ఒక పెన్ను, ఒక కాగితం చాలు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద చేసిన నిబంధనల్లోనే వేతన చీటీ మాట ఉంది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. నాలుగు కార్మిక కోడ్‌లలో మనకు వ్యతిరేకమైనవి చాలా ఉన్నాయి, వాటిపై పోరాటం ఆగదు. అయినా ఆ కోడ్ 50వ సెక్షను ప్రతి యజమాని ఉద్యోగులకు వేతన చీటీ ఇవ్వాలని చెబుతోంది. వాళ్లు తెచ్చిన చట్టంలోనే మనకు పనికివచ్చే మాట ఉంటే దాన్ని వదులుకోవడం తెలివి కాదు.

అడ్డుపడేది మన భయం కూడా. చాలామంది మాలిక్ దగ్గర ముందే బాకీ తీసుకొని ఉన్నారు. పండగకో, ఆసుపత్రికో తెచ్చిన ఆ బాకీ తీరదు. తీరే వరకు షెడ్డు మారలేరు, నోరు విప్పలేరు. ఒక్కడు చీటీ అడిగితే "రేపటి నుంచి రావద్దు" అంటారు. అది నిజమే. అందుకే ఒక్కడు అడగవద్దని సంఘం చెబుతోంది. ఆ షెడ్డులోని రెండు పాళీల వాళ్లూ, కండెలు చుట్టే ఆడవాళ్లూ కలిసి ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టి సంఘానికి ఇవ్వండి. సంఘం దాన్ని మాలిక్‌కు పంపుతుంది. జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయానికి తీసుకువెళుతుంది.

ఏజంటు చూపే దారి

చీటీ లేని చోట ఏజంటు పుడతాడు. అతను రెండు కాగితాలు తయారుచేస్తాడు. పాలికకు ఆదాయం 3 లక్షల లోపు చూపే కాగితం ఒకటి. బ్యాంకుకు, వాయిదా కట్టే స్తోమత ఉందని చూపడానికి, అంతకంటే ఎక్కువ ఆదాయం రాసిన దొంగ చీటీ ఇంకొకటి. పాలిక ముందు లేనివాడు, బ్యాంకు ముందు ఉన్నవాడు. రెండింటి కింద సంతకం మనదే. ఏజంటు కమీషన్ తీసుకొని పోతాడు. రేపు ఏ విచారణలోనో రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే నేరం మన మీద పడుతుంది. అసలు ఆదాయం రాసిన నిజం చీటీ ఒకటి చేతిలో ఉంటే ఈ రెండు నాలుకల బతుకు అక్కరలేదు.

"మీ పేరు లిస్టులో వచ్చింది, ఇరవై వేలు కట్టండి" అనేవారిని నమ్మవద్దు. పాలిక కచేరీలో పేరు, దరఖాస్తు నంబరు అడిగి చూసుకోండి. రసీదు లేని చోట రూపాయి కూడా ఇవ్వవద్దు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టు, మంజూరు కాగితం రాకముందే బిల్డరుకు బయానా ఇచ్చి చిక్కుల్లో పడవద్దు.

ఎంత అప్పు చేయాలి?

8 లక్షలకు రాయితీ ఉంది గదా అని 8 లక్షలు తీసుకోవాలని ఎక్కడా లేదు. 9 శాతం వడ్డీ అనుకొని లెక్క చూద్దాం. 8 లక్షల అప్పు 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 7,200 రూపాయలు కట్టాలి. ఇరవై ఏళ్లలో మొత్తం 17 లక్షలు దాటుతుంది. 1.80 లక్షల రాయితీ మంచిదే గానీ, దాన్ని ఈ మొత్తం పక్కన పెట్టి చూడండి. 4 లక్షలు 15 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 4,060 రూపాయలు. రాయితీ తగ్గుతుంది, నిద్ర మాత్రం పడుతుంది.

అదే 4 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 12,000. అసలులో ఒక్క రూపాయి కూడా తీరదు. బ్యాంకు అప్పుకూ, వడ్డీ వ్యాపారి అప్పుకూ ఉన్న తేడా ఇది. చీటీ లేనందువల్ల మన చేతి నుంచి నెలనెలా జారిపోతున్నది ఈ తేడాయే.

మన పని పీస్ రేటు పని. మార్కెట్ పడిపోయిన నెలలు ఉంటాయి, కరెంటు లేని రోజులు ఉంటాయి, కార్ఖానా మూసే వారాలు ఉంటాయి. కాబట్టి మంచి నెల సంపాదన చూసి వాయిదా నిర్ణయించుకోవద్దు. ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను చూసి నిర్ణయించుకోండి. మూడు వాయిదాల డబ్బు పక్కన పెట్టుకున్న తర్వాతే సంతకం పెట్టండి. కష్టం వచ్చిన నెలలో బ్యాంకుకు ముఖం చాటేయవద్దు. వెళ్లి మాట్లాడండి, అవసరమైతే సంఘం ప్రతినిధిని వెంట తీసుకువెళ్లండి. వాయిదా కట్టడానికి మరోచోట ఎక్కువ వడ్డీకి తెచ్చారా, ఇల్లు పోవడానికి అదే తొలిమెట్టు.

సంఘం కోరుతున్నది

పాలికను కోరుతున్నది ఇది. తూర్పు భాగంలో తెలుగు వచ్చిన మనిషితో ఒక సహాయ కేంద్రం పెట్టాలి. దరఖాస్తు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. గుంఠేవారీ దరఖాస్తులను ఇంటి దరఖాస్తులతో కలిపి త్వరగా పరిష్కరించాలి.

బ్యాంకులను కోరుతున్నది ఇది. పీస్ రేటు కార్మికుడి ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు. ఏడాది మొత్తం చీటీలు చూసి సగటు తీసి నిర్ణయించాలి. ప్రభుత్వం హామీ నిధి పెట్టింది ఇటువంటి కార్మికుడి కోసమే.

మాలిక్‌లను కోరుతున్నది ఒక్కటే. వచ్చే పగార్ నుంచి ప్రతి కార్మికుడికీ చీటీ ఇవ్వండి. వీలైతే పగార్ బ్యాంకు ఖాతాలో వేయండి. చీటీ ఇచ్చే మొదటి పది షెడ్డుల మాలిక్‌లను మన సభకు పిలిచి గౌరవించడానికి కూడా మేము సిద్ధం.

ఇక కార్మిక సోదరులకు. "అడగనిదే అమ్మయినా పెట్టదు" అంటారు. ప్రతి ఆదివారం ఉదయం సంఘ కార్యాలయంలో ఇంటి దరఖాస్తుల కోసం ఇద్దరు కార్యకర్తలు కూర్చుంటారు. కార్డులన్నీ తీసుకొని ఇంటి ఆడవాళ్లను కూడా వెంట తీసుకురండి. పేర్ల తేడాలు, జాగా కాగితాలు అక్కడే చూసి చెబుతారు. దీనికి చందా రసీదు తప్ప వేరే ఖర్చు లేదు. చీటీ అర్జీ నమూనా కూడా అక్కడే దొరుకుతుంది. ఒక్కో షెడ్డుకు ఒక్కో అర్జీ. కనీసం అయిదు సంతకాలు లేనిదాన్ని తీసుకోము, ఎందుకంటే ఒంటరి సంతకం కార్మికుడికి ప్రమాదం.

చీటీ వచ్చేదాకా కూడా చేయవలసిన పని ఉంది. ఒక నోటుబుక్కు కొనుక్కొని ఎన్ని పీసులు నేశారు, ఏ రేటు, ఎంత ఇచ్చారు అన్నది వారం వారం మీరే రాసుకోండి. తోటి కార్మికుడి చేత సాక్షి సంతకం పెట్టించండి. వచ్చిన పగార్‌లో కొంతైనా బ్యాంకు ఖాతాలో వేసి తీయండి. రేపు కార్మిక శాఖ ముందు మన మాటకు బలం ఇచ్చేది ఆ పుస్తకమే.

ఈ శనివారం పగార్ తీసుకునే ముందు మీ షెడ్డులో పదిమందీ ఈ విషయం మాట్లాడుకోండి. ఆదివారం అర్జీతో రండి.


కార్యదర్శి